పాత పవర్ సప్లై మూత విప్పేముందు

వేసవి సెలవులు రాగానే అటక మీది పాత కంప్యూటర్లు కిందికి దిగుతాయి. అందులోని ఎస్ఎంపీఎస్‌ను, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాను, 5, 12 వోల్టుల ప్రయోగాల సప్లైగా మార్చుకోవాలని ఇంజినీరింగ్ పిల్లలకు ఉబలాటం. మంచి పనే. అయితే ప్లగ్గు పీకినంత మాత్రాన ఆ డబ్బాలో కరెంటు పోయినట్టు కాదు.

గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ, డయోడ్ల బ్రిడ్జి దాటాక దాదాపు 325 వోల్టుల డీసీగా మారి, చార్జిని దాచుకునే లావుపాటి కెపాసిటర్‌లో చేరుతుంది. అది 470 మైక్రోఫారడ్లదైతే సుమారు 25 జౌళ్ల శక్తి అందులో కాచుకుని కూర్చుంటుంది. నా దగ్గరున్న ఒక స్క్రూడ్రైవర్ మొన ఎలుక కొరికినట్టు ఉంటుంది. చార్జి దింపుదామని కెపాసిటర్ రెండు కాళ్లనూ దానితో కలిపిన రోజు గుర్తు అది. టపాసు పేలినట్టు చప్పుడు, కరిగిన ఇనుము వాసన, అరగంట సేపు చేతుల వణుకు. మీరు ఆ పని చేయకండి.

ఆ చార్జి దానంతట అదే దిగడానికి కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య ఒక రెసిస్టర్ పెడతారు. ఓమ్‌లను ఫారడ్లతో గుణిస్తే సెకన్లు వస్తాయి. 220 కిలో ఓమ్‌లు, 470 మైక్రోఫారడ్లు అయితే 103 సెకన్లు. అంతసేపటికి వోల్టేజి 325 నుంచి 120కి పడుతుంది. మరో 103 సెకన్లకు 44, ఆపైన 16. మొదట జోరుగా, తర్వాత నీరసంగా దిగుతుందన్నమాట. అందుకే పది నిమిషాలు ఆగమంటాను.

ఆగారు కదా అని చేయి పెట్టేయకండి. ఆ రెసిస్టర్ కాలిపోయి ఉండవచ్చు, టంకం ఊడి ఉండవచ్చు. పైగా బాగా పనిచేసే సప్లై తన స్టాండ్‌బై సర్క్యూట్‌తో (కంప్యూటర్ ఆపి ఉన్నా పనిచేసే చిన్న భాగం) ఆ చార్జిని తానే తినేస్తుంది. చచ్చిపోయిన సప్లైలో, ఆ రెసిస్టర్ కూడా పోయి ఉంటే, అది గంటల తరబడి నిలుస్తుంది. మనం విప్పేది ఎక్కువగా అలాంటివే!

మల్టీమీటర్‌ను 600 వోల్టుల డీసీకి తిప్పి, కెపాసిటర్ కాళ్ల మీద కొలవండి. అంతకంటే ముందు, ఆ మీటర్ పనిచేస్తోందో లేదో ఒక బ్యాటరీ మీద చూసుకోండి. చార్జి మిగిలి ఉంటే 2.2 కిలో ఓమ్‌ల, 10 వాట్ల సిమెంటు రెసిస్టర్‌కు మంచి తొడుగున్న తీగలు అతికించి, కెపాసిటర్ కాళ్లకు పది సెకన్లు తాకించండి. ఒక చేయి వీపు వెనక ఉంచుకోండి, కాళ్లకు చెప్పులు ఉండాలి. తర్వాత మళ్లీ కొలవండి. కాసేపు వదిలేస్తే కొన్ని వోల్టులు తిరిగి పైకి వస్తాయి. మీటర్ తప్పు కాదు, కెపాసిటర్ గుణమే అంత.

కొత్త కెపాసిటర్ వేస్తే పక్కన చార ఉన్న కాలు మైనస్. తిరగేసి వేస్తే పైన గీతలున్న మూత చీలి పేలుతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి.

తిరిగి స్విచ్చి వేసేటప్పుడు ఖాళీ కెపాసిటర్ మొదటి క్షణంలో షార్టు లాగే ఉంటుంది. అందుకని ఫేజ్ తీగలో 60 వాట్ల పాత ఫిలమెంటు బల్బును సిరీస్‌లో, అంటే కరెంటు దాని గుండానే పోయేలా, పెట్టండి. ఒక్కసారి మెరిసి మసకబారితే కెపాసిటర్ నిండిందని అర్థం. వెలుగుతూనే ఉంటే వెంటనే ప్లగ్గు తీసి, కథ మళ్లీ మీటర్ దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు.