టైమర్ ఆపినా ఆగని స్ప్రింక్లర్: నా అనుభవం

మా లాన్‌లో ఒక జోన్ (ఒకే వాల్వ్‌తో నడిచే స్ప్రింక్లర్ల గుంపు), టైమర్ ఆగాక కూడా కారుతూనే ఉండేది. టైమర్ రీసెట్ చేశా, నీళ్లు చిమ్మే హెడ్లు మార్చా, సొలెనాయిడ్ (కరెంటుతో వాల్వ్‌ని తెరిపించే కాయిల్) కూడా కొత్తది వేశా. లాభం లేదు.

చివరికి టైమర్ ప్లగ్గే పీకేశా. అయినా నీళ్లు ఆగలేదు. అంటే తప్పు కరెంటుది కాదు, వాల్వ్‌దే. ఈ పని మొదటిరోజే చేసి ఉంటే డబ్బులు మిగిలేవి.

నీళ్ల మెయిన్ కట్టేసి, వాల్వ్ మీది బ్లీడ్ స్క్రూ వదులు చేసి ఒత్తిడి పోనిచ్చా. తర్వాత మూత స్క్రూలు విప్పా. మూత కింద స్ప్రింగ్ ఉంటుంది, జాగ్రత్త. నాది ఎగిరి గడ్డిలో పడింది, వెతకడానికే పది నిమిషాలు. దాని కింద రబ్బరు డయాఫ్రమ్, అంటే నీళ్ల దారిని మూసే పొర. ఏ వైపు పైకి ఉందో ముందు ఫొటో తీసుకున్నా. చిరుగు లేదు. కానీ అందులో మామూలుగానే సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. దాంట్లోంచి నీళ్లు పై అరలోకి చేరితేనే ఆ ఒత్తిడికి వాల్వ్ మూసుకుంటుంది. అక్కడ ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంది! పిన్నుతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుందని, పాత టూత్‌బ్రష్ కుచ్చుతో తోశా. డయాఫ్రమ్ కూర్చునే అంచు కూడా తుడిచా. మూత బిగించేటప్పుడు స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా తిప్పా. మెయిన్ మెల్లగా తెరిచా. రెండు నిమిషాల్లో కారడం ఆగింది.

అందరిదీ ఇదే అనలేను. డయాఫ్రమ్ చిరిగితే కడిగినా ఉపయోగం లేదు, మార్చాల్సిందే. కొన్ని మోడళ్లలో ఆ రంధ్రం వేరేచోట ఉంటుంది. నాదైతే రెండు నెలలుగా బాగానే ఉంది.