గ్లియోబ్లాస్టోమా ల్యాబ్‌లో చేరారా? ముందు మీ సెల్స్ సంగతి తేల్చుకోండి

జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చి, యూనివర్సిటీలో గ్లియోబ్లాస్టోమా అనే తీవ్రమైన బ్రెయిన్ ట్యూమర్ మీద పనిచేసే ల్యాబ్‌లో చోటు కూడా దొరికిందంటే, మొదటి వారంలోనే ప్రయోగాలు మొదలుపెట్టేయాలని ఉంటుంది. కొంచెం ఓపిక పట్టండి. ఫ్లాస్క్‌లో పెరుగుతున్న సెల్స్ నిజంగా ఏమిటో తేలకుండా ఎంత చేసినా బూడిదలో పోసిన పన్నీరే.

యూ87 సంగతే తీసుకోండి. గ్లియోబ్లాస్టోమా ల్యాబుల్లో విపరీతంగా వాడే సెల్ లైన్ ఇది, అంటే ఒక రోగి గడ్డ నుంచి తీసి ల్యాబుల్లో పెంచుతూ వచ్చే కణాలు. 1960ల్లో స్వీడన్‌లోని ఉప్సాలాలో ఒక రోగి గడ్డ నుంచి తీశారని దశాబ్దాలుగా పేపర్లలో రాసుకుంటూ వచ్చారు. తీరా 2016లో, ఉప్సాలాలో దాచి ఉంచిన అసలు కణజాలంతో పోల్చి చూస్తే, సెల్ బ్యాంక్ నుంచి ప్రపంచమంతా పంచిన యూ87 డీఎన్‌ఏ దానితో కలవలేదు. అది కూడా గ్లియోబ్లాస్టోమాయే అయ్యుండొచ్చని తేలింది గానీ ఎవరిదో తెలియదు. యూ373 అనే ఇంకో లైన్ పేరుతో తిరిగినవి కూడా చాలాచోట్ల యూ251 అనే వేరే లైన్ సెల్సే.

అందుకే సీనియర్ ఫ్లాస్క్ చేతికివ్వగానే ఎస్‌టీఆర్ రిపోర్టు (సెల్స్ ఎవరివో డీఎన్‌ఏ గుర్తులతో తేల్చే పరీక్ష) ఎప్పటిది, మైకోప్లాస్మా (సెల్స్‌లో చేరే అతిచిన్న బ్యాక్టీరియా) టెస్టు చివరిసారి ఎప్పుడు చేశారు అని అడగండి. మొహమాటపడొద్దు. మైకోప్లాస్మా పడితే మీడియా (సెల్స్ పెరిగే పోషక ద్రవం) మబ్బుగా మారదు, మామూలు మైక్రోస్కోపులో ఏమీ కనబడదు, దానికి సెల్ వాల్ లేదు కాబట్టి మనం వేసే పెన్సిలిన్ పనిచేయదు. సెల్స్ బాగానే పెరుగుతున్నట్టు ఉంటాయి, లోపల జీన్ ఎక్స్‌ప్రెషన్ మాత్రం మారిపోతూ ఉంటుంది. నెలకోసారి పీసీఆర్‌తో దాని డీఎన్‌ఏ ఉందేమో చూసుకోవడం మంచిది.

రిపోర్టులు సరిగ్గా ఉంటే ముందు సొంత స్టాక్ ఫ్రీజ్ చేసుకోండి, వయల్ మీద పాసేజ్ నంబరు (సెల్స్‌ని ఎన్నిసార్లు విడదీసి కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చారో), తేదీ చెరిగిపోని మార్కర్‌తో రాయండి. ఫ్రీజింగ్ నెమ్మదిగా జరగాలి, నిమిషానికి సుమారు 1 డిగ్రీ చొప్పున. కరిగించేటప్పుడు మాత్రం త్వరపడాలి. 37 డిగ్రీల నీళ్ళలో వయల్‌ని తిప్పుతూ, లోపల చిన్న మంచుముక్క మిగిలుండగానే తీసి, 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి హుడ్‌లోకి తీసుకెళ్ళి, మీడియా చుక్కచుక్కగా కలపండి. ఫ్రీజింగ్ కోసం కలిపిన డీఎంఎస్‌ఓ ద్రవంతో ఎక్కువసేపు వదిలేస్తే సెల్స్ చచ్చిపోతాయి.

ఇక మందు. టెమోజోలోమైడ్, గ్లియోబ్లాస్టోమాకి ఇచ్చే కీమో మందు. 2005 నాటి పెద్ద ట్రయల్‌లో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 12.1 నెలలు, ఈ మందు కూడా తీసుకున్నవారిది 14.6 నెలలు. ఆ తేడా రెండున్నర నెలలే, అయినా ఇప్పటికీ మొదటి వరుస చికిత్సకు ఆధారం అదే. ప్రతి కొత్త స్టూడెంట్ ఈ అంకెలు గుర్తుపెట్టుకుని పనిచేయాలని నాకు గట్టిగా ఉంటుంది, ఎందుకంటే ప్లేటులో వందల మైక్రోమోలార్ పోసి సెల్స్‌ని చంపడం తేలిక, రోగి మెదడుకు చేరే మోతాదు అందులో చిన్న వంతు. మీ డోసుల్లో తక్కువవి తప్పకుండా ఉండాలి. పైగా ఆ మందు శరీరపు పీహెచ్‌లో సుమారు రెండు గంటల్లోనే సగం విరిగిపోతుంది, కాబట్టి మీడియాలో ముందే కలిపి దాచుకోకండి. మందుని డీఎంఎస్‌ఓలో కరిగిస్తారు కాబట్టి, మందు వేయని కంట్రోల్ సెల్స్‌కి కూడా అంతే డీఎంఎస్‌ఓ వేయండి. సెల్స్‌లో ఎంజీఎంటీ (ఈ మందు చేసిన డీఎన్‌ఏ నష్టాన్ని సరిచేసే ప్రోటీన్) ఎంతుందో కూడా చూసుకోండి, టీ98జీ అనే సెల్ లైన్ ఈ మందుకి లొంగదు, దానిలో ఆ రిపేర్ ప్రోటీన్ దండిగా ఉంటుంది.

పాత పేపర్లు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. 2021 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ అనే జీన్‌లో మ్యుటేషన్ ఉన్న గడ్డని గ్లియోబ్లాస్టోమా అనరు. అంతకుముందు శాంపిల్స్‌లో ఆ మ్యుటేషన్ ఉన్నవీ లేనివీ కలిసుండేవి. 2008 నుంచి టీసీజీఏ (రోగుల గడ్డల జీన్ల సమాచారం ఉన్న అమెరికా డేటాబేస్) డేటా ఉచితంగా దొరుకుతోంది, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే మీ జీన్ రోగుల్లో ఎలా ఉందో ఖర్చు లేకుండా చూడొచ్చు.

ఆసుపత్రి నుంచి గడ్డ ముక్క తెచ్చుకునే ల్యాబ్ అయితే హెపటైటిస్ బి టీకా ముందే వేయించుకోండి, ఎథిక్స్ అనుమతి, రోగి సంతకం ఉన్నాయో లేదో మీరే చూడండి. ఐస్‌లో పెట్టి వెంటనే పని మొదలుపెట్టాలి, రేపు చూద్దాం అంటే కుదరదు. వీటిని సీరం లేకుండా, ఈజీఎఫ్, ఎఫ్‌జీఎఫ్ అనే పెరుగుదల ప్రోటీన్లు వేసి పెంచితే గుండ్రటి ముద్దలుగా తేలతాయి. మధ్యలో నల్లబడుతున్నాయంటే లోపలి సెల్స్ చచ్చిపోతున్నట్టు, అంతకుముందే విడదీయాలి. పండక్కి ఊరెళ్ళేముందు వీటిని ఎవరు చూసుకుంటారో పక్క స్టూడెంట్‌తో ఖాయం చేసుకుని, ఏ ఫ్లాస్క్‌కి ఏ మీడియానో ఇంక్యుబేటర్ తలుపు మీద రాసి అంటించండి.