కష్టకాలంలో ఆత్మపరిశీలన: ఎలూల్ మాసం చూపే దారి

2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తోటలు కూలాయి, ఇళ్లు దెబ్బతిన్నాయి. అలాంటి కష్టం తరువాత అప్పుల వల్లా, పంపకాల వల్లా మనుషుల మధ్య మాటలు కూడా తెగిపోతాయి. ఆ స్థితి నుంచి మళ్లీ మొదలుపెట్టడానికి యూదు మతం ఒక స్పష్టమైన క్రమాన్ని చూపుతుంది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర తమను యూదులుగా భావించే బెనె ఎఫ్రాయిం అనే తెలుగు సమూహమే ఉంది. అయితే ఏ విశ్వాసం వారైనా తమ విశ్వాసంలో ఉంటూనే ఈ క్రమాన్ని పాటించవచ్చని నా నమ్మకం.

ముందుగా ఒక నెల కేటాయించుకోవాలి. యూదుల నెలలు కూడా మన నెలల్లాగే అమావాస్య తరువాత మొదలవుతాయి. 29 రోజుల ఎలూల్ మాసం ఆత్మపరిశీలనకు ఉద్దేశించినది. అది ముగియగానే రోష్ హషానా అనే నూతన సంవత్సరం, దాని పదో రోజున యోమ్ కిప్పూర్ అనే ప్రాయశ్చిత్త దినం వస్తాయి. చాలా ఏళ్లలో రోష్ హషానా దసరా నవరాత్రులు మొదలయ్యే రోజుల్లోనే పడుతుంది కనుక మనకు భాద్రపద మాసం అనుకూలంగా ఉంటుంది.

ఆ నెలలో రోజూ పడుకునే ముందు ఒక నోటుపుస్తకంలో ఆ రోజు మనం చేసినదాన్ని రాయాలి. తుఫాను చేసినది వేరు, తుఫాను తరువాత మనం చేసినది వేరు. రాయవలసినది రెండోది మాత్రమే. కష్టం వచ్చినవాడు తన నడవడిని పరిశీలించుకోవాలని చెప్పిన తాల్ముద్ అనే యూదు ధర్మగ్రంథమే, బాధలో ఉన్నవాడితో ‘నీ పాపం వల్లే ఇలా జరిగింది’ అని ఇతరులు అనడాన్ని నిషేధించింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో నలిగిపోతున్న కుటుంబాల ముందు ఈ నియమాన్ని మరచిపోవడం క్రూరత్వమే అవుతుంది.

తరువాతి పని అన్నిటికంటే కష్టమైనది. దేవుని పట్ల చేసిన తప్పులకు యోమ్ కిప్పూర్ ప్రాయశ్చిత్తం కలిగిస్తుందని, తోటి మనిషి పట్ల చేసిన తప్పులకు మాత్రం ఆ మనిషిని శాంతింపజేసేవరకు కలిగించదని మిష్నా అనే ప్రాచీన యూదు ధర్మసంకలనం చెబుతుంది. కాబట్టి నోటుపుస్తకంలో తేలిన పేర్ల దగ్గరికి మనమే వెళ్లాలి. జీడితోటలో పనిచేసిన కూలీలకు డబ్బు ఎగ్గొట్టి ఉంటే, నష్టపరిహారం జాబితాలో అన్న వాటాను మన పేరున రాయించుకుని ఉంటే, ముందు ఆ డబ్బు తిరిగి ఇవ్వాలి, ఆ తరువాతే క్షమాపణ అడగాలి. ఒకేసారి ఇవ్వలేకపోతే ఏ నెలలో ఎంత ఇస్తామో చెప్పి అందులో కొంత ఆ రోజే ఇవ్వడం మంచిది. ‘ఏమైనా తప్పు జరిగి ఉంటే క్షమించు’ అనకుండా, చేసినది చేసినట్టు చెప్పాలి. ఎదుటివారు ఒప్పుకోకపోతే ముగ్గురు మిత్రులను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలని, అలా మూడుసార్ల వరకు అడగాలని 12వ శతాబ్దపు యూదు పండితుడు, వైద్యుడు మైమోనిడీస్ నిర్దేశించాడు. మనస్ఫూర్తిగా అడిగినవారిని క్షమించకుండా కఠినంగా ఉండకూడదని కూడా ఆయనే అన్నాడు.

యోమ్ కిప్పూర్ ఉపవాసం నీళ్లు కూడా లేకుండా సుమారు 25 గంటలు సాగుతుంది, కానీ ప్రాణాపాయం ఉన్నవారు ఉపవాసం ఉండకూడదన్నది యూదు ధర్మశాస్త్రమే. డయాలసిస్ చేయించుకునేవారు, మధుమేహానికి మందులు వాడేవారు దీని జోలికి వెళ్లవద్దు. రోష్ హషానా నాడు నీటి ఒడ్డున పాపాలను విడిచిపెట్టే తష్లిఖ్ ప్రార్థన కూడా ఉంది. నాగావళి ఒడ్డునో వంశధార ఒడ్డునో కూర్చుని మన భాషలోనే ప్రార్థించవచ్చు. అయితే తీర్చని బాకీని ఏ నదీ తీసుకుపోదు.

అదే పరిస్థితి మళ్లీ ఎదురైనప్పుడు, చేయగలిగి ఉండీ పాత తప్పు చేయనివాడి పశ్చాత్తాపమే సంపూర్ణమని మైమోనిడీస్ అంటాడు. కనుక వచ్చే పంట డబ్బు చేతికి రాగానే మొదట ఎవరికి చెల్లించాలో ఇప్పుడే నోటుపుస్తకం చివరి పేజీలో రాసి, దాన్ని ఇంట్లో వారి చేత చదివించండి.