జ్ఞాపకార్థం బెంచీ పక్కన చెట్టు ఎండిపోతే: కొత్త మొక్క కంటే ముందు గుంట చూడండి

సమస్య: పెద్దాయన పేరు చెక్కించిన సిమెంటు బెంచీ, నీడకోసం పక్కనే నాటిన చెట్టు. రోజూ నీళ్లు పోస్తున్నా ఆకులు వాలిపోయి, పండుబారి రాలిపోయాయి. అదే గుంటలో ఇంకో మొక్క పెడితే అదీ దక్కలేదు.

ముందు బెరడు గోటితో గీకండి. అర నిమిషం పని, అయినా ఎవరూ చేయరు. లోపల పచ్చగా, తడిగా ఉంటే చెట్టు బతికే ఉంది. వేపకు చిటారు కొమ్మలు మాడిపోయే ఫోమోప్సిస్ తెగులు వస్తే చెట్టంతా చచ్చినట్టే కనిపిస్తుంది గానీ చాలావరకు మళ్లీ చిగురిస్తుంది. అలాంటి చెట్టు మొదలంటా కొట్టేయడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కొమ్మ నుంచి మొదలు దాకా ఎక్కడ గీకినా ఎండుపుల్లలా ఉంటేనే తీసేయాలి. అదీ నగరపాలక సంస్థ అనుమతితోనే. 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం) వీధి చెట్టుకూ వర్తిస్తుంది.

కారణం: చాలావరకు గుంటే. గుంటూరులో చాలా వీధుల్లో నల్లరేగడి. అందులో మూడడుగుల గుంట తీసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపి ప్రేమగా మొక్క పెడతారు. రేగడి తడిస్తే ఉబ్బి బిగుసుకుపోతుంది, నీళ్లను కిందికి దిగనివ్వదు. ఎర్రమట్టిలోంచి దిగిన నీరంతా చిల్లి లేని కుండీలో లాగా అడుగున నిలిచిపోతుంది. బెంచీ గచ్చు వాలు గుంటవైపు ఉంటే వాననీళ్లూ అందులోకే. గాలాడక వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి ఆకులు దాహమేసినట్టు వాలతాయి. పైమట్టి చూస్తే ఎండకు బీటలిచ్చి ఉంటుంది. పాపం, ఇంకో బిందె పోస్తారు.

గునపం రెండడుగులు దింపి లాగండి. అంటుకున్న మట్టి మురుగు కంపు కొడితే ఇదే జబ్బు. చచ్చిన చెట్టు సన్నవేరు పట్టి లాగితే పైతొక్క జారి ఊడొచ్చి, లోపల దారంలాంటి నార మిగులుతుంది. ఇంకా అనుమానముంటే ఖాళీ గుంటలో అడుగెత్తు నీళ్లు పోసి తెల్లారి చూడండి, నీళ్లు ఇంకా నిలిచే ఉంటే తప్పు గుంటదే.

పరిష్కారం: కుళ్లిన వేళ్లు, ఎర్రమట్టి మొత్తం తీసేయండి. తవ్విన రేగడినే గడ్డలు చితక్కొట్టి అడుగున వేసి తొక్కండి. గుంట లోతు కొత్త మొక్క వేరుముద్ద ఎత్తుకు మించకూడదు, వెడల్పు మాత్రం దానికి రెండు మూడింతలు ఉండాలి. పార తగిలి నున్నగా మెరిసే గోడలకు గునపంతో గాట్లు పెట్టండి. వేరుమొదలు చుట్టూ ఉన్న నేలకంటే రెండు మూడంగుళాలు ఎత్తులో నిలిచేలా పెట్టి, అదే రేగడితో వాలుగా కప్పండి. ఎరువు పైన పరిస్తే చాలు. గచ్చు నీళ్లు పక్కకు పోయేలా చిన్న కాలువ తీయండి.

ఇలాంటి చోట కానుగ పెట్టండి. వేప నిలవనీటికి ఓర్చుకోదు. నేరేడు ఓర్చుకుంటుంది గానీ పళ్లు రాలి పేరు మీద మరకలు పడతాయి. వర్ధంతి మే నెలలో వస్తే ఆ రోజు బెంచీకి దండ వేయండి, మొక్క వానలు పడ్డాకే నాటండి.

చెదలంటారా, అవి ఎక్కువగా చచ్చిన వేళ్లకే పడతాయి. మందు కొట్టి డబ్బు తగలేయకండి.