తేమ సెన్సర్ ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాట వినకపోతే: ముందు వైరింగ్ చూడండి

మామూలు ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో పెద్ద పేచీ లేదు. స్విచ్ వేస్తే తిరుగుతుంది, తీస్తే ఆగుతుంది. తేమ సెన్సర్ ఉన్నది అలా కాదు. మనం స్నానం చేసి, లైటు తీసేసి వెళ్లిపోయాక కూడా గాలిలో తేమ ఎంత ఉందో అది చూసుకుంటూనే ఉండాలి. అందుకే స్విచ్‌తో సంబంధం లేకుండా దానికి ఎప్పుడూ ఫేజ్, న్యూట్రల్ అందాలి. సెన్సర్ పోయిందని ఫ్యాను విప్పి వెనక్కి పంపే ముందు ఇది చూడండి. నా అనుభవంలో ఎక్కువసార్లు తప్పు ఇక్కడే దొరికింది.

ఒక జాగ్రత్త. ఈ ఫ్యానుకు తరచుగా రెండు ఫేజ్ వైర్లు వస్తాయి. ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండేది, రెండోది లైటు స్విచ్ నుంచి వచ్చేది. స్విచ్ తీసినంత మాత్రాన మొదటిదాంట్లో కరెంటు పోదు. ఎంసీబీ (ఆ లైనుకు కరెంటు ఆపే మెయిన్ బోర్డు స్విచ్) దించి, ప్రతి టెర్మినల్‌నూ మల్టీమీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి. ఈ పని అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. తడి ఉండే గది, ఇక్కడ ప్రయోగాలు వద్దు.

లైటు ఉన్నంతసేపే తిరుగుతోంది

పాత ఫ్యాను తీసేసిన చోట లైటు స్విచ్ నుంచి వచ్చే రిటర్న్ వైరు (స్విచ్ వేస్తేనే కరెంటు ఉండేది), న్యూట్రల్ మాత్రమే ఉంటాయి. కొత్త ఫ్యానును వాటికే కలిపేస్తారు. లైటు తీయగానే సెన్సర్‌కు కూడా కరెంటు పోతుంది. ఎంసీబీ వేసే ఉంచి, లైటు మాత్రం తీసేసి, ఎల్ (ఫేజ్), ఎన్ (న్యూట్రల్) టెర్మినళ్ల మధ్య వోల్టేజీ చూడాలి. ఏమీ చూపకపోతే కారణం ఇదే.

స్విచ్‌కు ముందున్న ఫేజ్ నుంచి కొత్త వైరు లాగి ఎల్‌కు ఇవ్వాలి. లైటు రిటర్న్ వైరు మూడో టెర్మినల్‌కు వెళ్తుంది. దానికి ఒక్కో కంపెనీ ఒక్కో గుర్తు పెడుతుంది, కాబట్టి ఫ్యానుతో వచ్చిన బొమ్మ చూసే కలపండి. రెండు ఫేజ్‌లూ ఒకే ఎంసీబీ కింద ఉండాలి.

కొన్ని ఫ్యాన్లలో ఎల్‌కూ మూడో టెర్మినల్‌కూ మధ్య చిన్న లింకు వైరు ఉంటుంది. పై విధంగా వైరింగ్ చేస్తే దాన్ని తీసేయాలి. ఒక ఇంట్లో అది అలాగే ఉండిపోయింది. ఫ్యాను ఆగలేదు సరికదా, స్విచ్ తీసినా లైటు కూడా ఆరలేదు. ఎల్‌లోని కరెంటు లింకు గుండా వెనక్కి లైటుకు వెళ్తోంది. స్విచ్ మార్చి చూశారు, బల్బు మార్చి చూశారు. చివరికి వేలెడంత వైరు ముక్క తీస్తే సరిపోయింది.

ఎంతసేపటికీ ఆగడం లేదు

కంగారుపడకుండా ముందు టైమర్ గడువు ముగిసేదాకా చూడండి. తేమ తగ్గాక కూడా కొన్ని నిమిషాలు తిరిగేలా చాలా ఫ్యాన్లను తయారుచేస్తారు. ఆ తర్వాతా ఆగకపోతే తేమ నాబ్‌ను ఎక్కువ శాతం వైపుకు పూర్తిగా తిప్పండి. అప్పుడు ఆగితే వైరింగ్ బాగానే ఉన్నట్టు, సెట్టింగే తక్కువగా ఉంది. అప్పటికీ ఆగకపోతే లింకును, ఆ తర్వాత లోపలి రిలేను (ఫ్యాను మోటారుకు కరెంటు ఇచ్చి, ఆపే చిన్న స్విచ్) అనుమానించాలి.

సెట్టింగ్ 60 శాతం దగ్గర ఉండి, వానాకాలంలో బయటి గాలిలోనే 80 శాతం తేమ ఉంటే ఫ్యాను ఎన్ని గంటలు తిరిగినా లాభం లేదు. అది బయటికి పంపిన గాలి స్థానంలోకి వచ్చేది ఆ తడి గాలే. గది పొడిగా ఉన్న రోజున నాబ్‌ను నెమ్మదిగా పెంచుతూ పోండి. ఫ్యాను ఆగిన చోటు నుంచి ఇంకొంచెం తిప్పి వదిలేయండి. కాలం మారితే మళ్లీ సరిచేసుకోవాల్సి రావచ్చు, అది లోపం కాదు.

గాలి కదలిక కూడా చూడాలి. తిరుగుతున్న ఫ్యాను జాలీకి పల్చటి కాగితం ఆనిస్తే అతుక్కుని నిలవాలి. పడిపోతే బయటి షట్టర్ ఇరుక్కుందేమో, తలుపు కింద గాలి వచ్చే సందు ఉందో లేదో చూడండి.

ఆవిరి కమ్మినా కదలడం లేదు

సెన్సర్ విడిగా గోడ స్విచ్‌లో ఉంటే, ఆ స్విచ్ ఎక్కడుంది? తలుపు బయటి బోర్డులో ఉంటే అది కొలిచేది బయటి గది గాలిని. సెన్సర్ స్నానాల గదిలోపల, నీళ్లు చిందని చోట ఉండాలి. ఫ్యానులోనే ఉంటే దుమ్ము పట్టిందేమో చూసి, కరెంటు తీసి, పొడి బ్రష్‌తో తుడవండి.

ఇంకో కారణం, స్విచ్ బోర్డులో న్యూట్రల్ లేకపోవడం. చాలా సెన్సర్ స్విచ్‌లకు న్యూట్రల్ తప్పనిసరి. అది లేదని కొందరు ఎర్త్ వైరు కలిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే పడిపోవచ్చు. అది లేక, ఎక్కడో ఎర్త్ తెగితే, ఆ ఎర్త్‌కు కలిసిన గీజరు బాడీకి కూడా కరెంటు రావచ్చు. న్యూట్రల్ వైరు లాగించండి. వీలుకాకపోతే సెన్సర్ లోపలే ఉన్న ఫ్యాను తీసుకుని, దాని దగ్గరికి ఫేజ్, న్యూట్రల్ రెండూ ఇవ్వండి.

ఫ్యాను తిరగగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది

న్యూట్రల్‌ను వేరే సర్క్యూట్ నుంచి తెచ్చి ఉంటారు. ఫేజ్ వచ్చిన సర్క్యూట్ న్యూట్రల్‌నే వాడాలి. అది సరిగ్గానే ఉంటే ఫ్యానులోకి నీరు దిగుతుండవచ్చు. ఆవిరి గొట్టంలో చల్లబడి నీరై వెనక్కి కారుతుంది. గొట్టం బయటి వైపుకు కాస్త వాలుగా ఉండాలి.

మూలుగుతూ నెమ్మదిగా తిరుగుతోంది

లైన్‌లో పాత రెగ్యులేటర్ మిగిలి ఉంటే తీసేయండి. సెన్సర్ సర్క్యూట్‌కు పూర్తి వోల్టేజీ కావాలి.