బండా, మెట్రోనా: ఏడు రోజుల లెక్క

దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేటకి నేను బండి మీద వెళ్తాను, మా ఆవిడ మెట్రోలో. ఏది తొందరగా చేరుస్తుందని జూలైలో పందెం పడింది. పాల ప్యాకెట్ల లెక్క రాసుకునే డైరీలోనే చివరి పేజీ తీసి, ఇంటి తాళం వేసినప్పటి నుంచి ఆఫీసు సీట్లో కూర్చునేదాకా పట్టిన నిమిషాలు రాశాం. మీరు రాసేటప్పుడు చెడ్డ రోజుల్ని వదిలేయకండి, అసలు కథ అక్కడే ఉంటుంది.

బండి: 35, 38, 40, 36, 95, 37, 34.
మెట్రో: 44, 46, 45, 47, 43, 45, 45.

ముందు సగటు. అన్నీ కూడి 7తో భాగిస్తే రెండింటికీ 45! "పందెం డ్రా" అన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. ఆ 95 ఏమిటంటే, వానకి మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచిన రోజు. ఆ ఒక్క అంకె సగటును పైకి లాగేసింది.

అలాంటప్పుడు మధ్యగతం చూడాలి. చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టి, నడిమి అంకె తీయండి. రోజులు సరిసంఖ్య అయితే నడిమి రెండింటి సగటు. బండికి 37, మెట్రోకి 45. అంటే మామూలు రోజున బండిదే గెలుపు. బాహుళకం, అంటే ఎక్కువసార్లు వచ్చిన అంకె, ఇక్కడ పెద్దగా పనికిరాదు. బండి లెక్కలో ఏ అంకే రెండోసారి రాలేదు.

ఇక ఎంత నమ్మొచ్చు అన్నది. పెద్ద అంకెలోంచి చిన్నది తీస్తే వ్యాప్తి: బండికి 61, మెట్రోకి 4. ఇంకాస్త గట్టి కొలత ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటుకి మామూలుగా ఎంత దూరంలో ఉంటాయో చెప్పేది. ఒక్కో అంకెకీ సగటుకీ ఉన్న తేడాని వర్గం చేసి, అన్నీ కలపండి. బండికి 2940. దాన్ని 6తో భాగిస్తే 490, వర్గమూలం సుమారు 22. మెట్రోకి 1.3. ఏడు రోజులుంటే 6 ఎందుకంటే, ఇవి నమూనా రోజులే కాబట్టి ఒకటి తగ్గిస్తాం. ఎక్సెల్‌లో అయితే ఒక్క ఫార్ములా చాలు, కానీ ఒకసారి చేత్తో చేస్తే ఆ 95 ఒక్కటే 2500 తెచ్చిందని కళ్లకి కనబడుతుంది.

ఆ 95ని కొట్టేయాలనిపించింది. తప్పు రాసుంటే కొట్టేయొచ్చు, వాన నిజమే కదా. అయితే ఏడు రోజుల్లో ఒక వాన చూసి, నెలకెన్ని అని చెప్పలేం. అందుకని ఇంకో నెల రాస్తున్నాం. ఈలోగా మబ్బు పట్టిన రోజు మాత్రం నేనూ మెట్రోనే. పెట్రోలు ఖర్చు ఎందుకు రాయలేదని మా ఆవిడ ఇప్పుడు కొత్త కాలమ్ గీసింది.