పసికందు ఏడుపు: కడుపు నొప్పేనా? ఎలా పోల్చుకోవాలి, ఏం చేయాలి

మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని, పిడికిళ్లు బిగించి, ముఖం కందగడ్డ చేసుకుని బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే చూసినవారంతా కడుపు నొప్పి అని తేల్చేస్తారు. నిజానికి ఆ గుర్తును ఒక్కదాన్నే నమ్మలేం. ఆకలి వేసినా, నిద్ర చాలకపోయినా ఈ వయసులో ఒళ్లు అలాగే ముడుచుకుంటుంది. పాలు తాగి ఎంతసేపయింది, మలం ఎలా ఉంది, ఏడుపు ఆగాక బిడ్డ హుషారుగా ఉందా లేదా అన్నవే అసలు సంగతి చెబుతాయి.

ముందుగా ప్రమాద సూచనలు

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా పొట్ట నిమురుతూ ఇంట్లో కూర్చోవద్దు. అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్లండి.

- ఆకుపచ్చ రంగులో వాంతి. పేగు మెలిపడటం వల్ల కావచ్చు, గంటలు కూడా విలువైనవే.
- మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, లేదా అంతకు మించిన జ్వరం.
- పొట్ట ఉబ్బి గట్టిగా ఉండటం, ముట్టుకుంటే ఏడుపు పెరగడం.
- మలంలో రక్తం.
- గజ్జలో గట్టిపడిన వాపు.
- పాలు పట్టిన ప్రతిసారీ వాంతి దూరంగా చిమ్మినట్లు పడటం. రెండు నుంచి ఎనిమిది వారాల వయసులో జీర్ణాశయం చివరి ద్వారం ఇరుకైతే ఇలా జరుగుతుంది.
- పాలు తాగకపోవడం, లేపినా మగతగా ఉండటం, మూత్రం బాగా తగ్గిపోవడం.

పుట్టిన 48 గంటల్లోపు తొలి నల్లటి మలం రాకపోయినా వైద్యులకు చెప్పాలి. ఇంకొక చిన్న సంగతి: ఎంతకీ ఆగని ఏడుపుకు కొన్నిసార్లు కాలివేలికి చుట్టుకున్న ఒక తల వెంట్రుక కారణం. సాక్సులు తీసి వేళ్లన్నీ చూడండి.

తల అటూ ఇటూ తిప్పుతూ, చేతులు నోట్లో పెట్టుకుంటూ ఏడుస్తుంటే

ఇది ఆకలి. పసిబిడ్డలు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగుతారు, కొన్ని సాయంత్రాలు గంటకోసారి అడుగుతారు కూడా. ఇప్పుడే తాగింది కదా అన్న లెక్క పక్కనపెట్టి మళ్లీ పట్టండి. మొదటి వారం గడిచాక రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తూ బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్లే.

పాలు తాగుతూ మధ్యలో వదిలేసి మెలికలు తిరుగుతుంటే

మింగిన గాలి ఇలా చేస్తుంది. చాలామంది త్రేన్పు మీదే దృష్టి పెడతారు కానీ, గాలి లోపలికి వెళ్లే దారి మూయడం మేలు. తల్లిపాలైతే చనుమొన ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు బిడ్డ నోట్లో ఉండాలి. చప్పరింపు చప్పుడు వస్తున్నా, తల్లికి నొప్పి పుడుతున్నా పట్టు సరిగా లేనట్లే. చిటికెన వేలితో నెమ్మదిగా విడిపించి మళ్లీ పట్టించండి. పాలు మరీ ఉధృతంగా వచ్చి బిడ్డకు పొలమారుతుంటే, తల్లి కాస్త వెనక్కి వాలి పట్టాలి.

సీసా పాలైతే బిడ్డను కొంచెం నిటారుగా పట్టుకుని, సీసాకు ఉండే రబ్బరు పీకలో ఎప్పుడూ పాలు నిండి ఉండేలా సీసా వంచండి. పొడి కలిపాక నురుగు తగ్గనివ్వండి. పీక రంధ్రం పెద్దదైతే పాలు గబగబా వస్తాయి, చిన్నదైతే బిడ్డ గాలి పీల్చుతుంది.

మధ్యలో ఒకసారి, చివర ఒకసారి భుజం మీద వేసుకుని వీపు నిమరండి. కొన్ని నిమిషాల్లో త్రేన్పు రాకపోతే వదిలేయండి, ప్రతిసారీ రావాలని లేదు. ఉబ్బరంగా అనిపిస్తే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లను సైకిల్ తొక్కినట్లు ఆడించడం, బొడ్డు చుట్టూ గడియారం ముల్లు తిరిగే దిశలో అరచేతితో మృదువుగా రాయడం మంచిది. పాలు తాగిన వెంటనే మాత్రం వద్దు. బోర్లా వేయడం మెలకువగా, మీ కళ్లెదుట ఉన్నప్పుడే. నిద్రకు ఎప్పుడూ వెల్లకిలానే.

ముఖం ఎర్రబారేలా ముక్కి, చివరికి మెత్తటి మలం పోస్తే

మలబద్ధకం కాదు. పొట్ట కండరాలు బిగించడం, మలద్వారాన్ని వదులు చేయడం ఒకేసారి చేయడం బిడ్డకు ఇంకా రాదు, అంతే. కొన్ని వారాల్లో తానే నేర్చుకుంటుంది. సబ్బుముక్క, థర్మామీటరు లాంటివి మలద్వారంలో పెట్టకండి. ఉండలుగా గట్టిగా వస్తేనే మలబద్ధకం. అప్పుడు వైద్యుల సలహా కావాలి. ఆరు నెలల లోపు నీళ్లు పట్టవద్దు.

తాగిన పాలు కక్కుతుంటే

బరువు పెరుగుతూ, హాయిగా ఉంటే భయం లేదు. తాగాక 20, 30 నిమిషాలు నిటారుగా ఎత్తుకోండి. మలంలో జిగురు, చర్మంపై ఎర్రటి పొక్కులు, సరిగా పెరగకపోవడం కూడా తోడైతే ఆవుపాల ప్రొటీన్ పడకపోవడం కావచ్చు. తల్లి తనంతట తానే పాల పదార్థాలు తినడం మానేయకుండా వైద్యులను అడగాలి.

ప్రతి సాయంత్రం గంటల తరబడి ఏడుస్తూ, మిగతా సమయమంతా మామూలుగా ఉంటే

దీన్నే కాలిక్ అంటారు. కారణం ఫలానా అని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. కడుపు నొప్పే అనడానికీ గట్టి ఆధారం లేదు. రెండో వారం ప్రాంతంలో మొదలై ఆరో వారానికి తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గిపోతుంది. మందుతో తగ్గేది కాదు కాబట్టి ఓదార్పు మీదే ఆధారపడాలి. ఛాతీకి ఛాతీ ఆనేలా ఎత్తుకుని నడవడం, మసక వెలుతురు, ఒకే తీరున సాగే మెల్లని శబ్దం, గోరువెచ్చని నీటి స్నానం. ఒక్కటి ఎంచుకుని కొంతసేపు కొనసాగించండి. నిమిషానికో పద్ధతి మారిస్తే బిడ్డ మరింత చిరాకుపడుతుంది.

మీ ఓపిక నశిస్తే బిడ్డను ఉయ్యాలలో వెల్లకిలా పడుకోబెట్టి పది నిమిషాలు పక్క గదిలోకి వెళ్లండి. ఏడుస్తూ ఉన్నా ఆ పది నిమిషాల్లో ఏమీ కాదు. కోపంలో బిడ్డను ఊపేస్తే మాత్రం మెదడులో రక్తస్రావం కావచ్చు.

చుక్కల మందుల సంగతి

గ్యాస్‌కు వాడే సిమెథికోన్ చుక్కలు పరీక్షల్లో ఉత్తుత్తి మందు కంటే మెరుగని తేలలేదు. హాని పెద్దగా లేదు, ఫలితమూ లేదు. గ్రైప్ వాటర్‌కూ ఆధారం లేదు. తేనె ఏడాది లోపు నాలుక మీద రాయడం కూడా ప్రమాదమే, అందులోని బాక్టీరియా వల్ల బొట్యులిజం అనే పక్షవాతం రావచ్చు. డైసైక్లోమిన్ ఉన్న కడుపునొప్పి చుక్కలు ఆరు నెలల లోపు అసలు ఇవ్వకూడదు, ఊపిరి ఆగిన సందర్భాలున్నాయి. ఇంట్లో పెద్ద బిడ్డకు తెచ్చిన పాత సీసా ఉంటే, చిన్నదానికి పోసే ముందు దాని మీద రాసి ఉన్న మందు పేరు చదవండి.